టామ్రా పెట్టిన పేర్లు

మా ఆడపడుచు టామ్రాకి తన పేరంటే పరమ అసహ్యం. తాను బళ్ళో చేరిన ఏడాది తరగతిలో టామ్రాలూ టామీలూ కలిపి బెంచీకి ఒకరు ఉన్నారని, టీచరు పేరు పిలిస్తే సగం గది లేచి నిలబడేదని ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తుంది. ఆ వయసులోనే ఒట్టు పెట్టుకుందట, తన కూతుళ్ళకి లోకంలో ఇంకెవరికీ లేని పేర్లు పెడతానని. ఆ ఒట్టు వల్ల మా సాన్‌పీట్ లోయకి పట్టిన పీడ ఇంకా వదల్లేదు.

పెద్దదానికి బ్రిన్లీ అని పెట్టింది. అదేం పేరని నేనడిగితే, "నేనే కనిపెట్టాను వదినా, ఎవరికీ చెప్పకు, ఎత్తుకుపోతారు" అంది, ఎక్కడో పాతిపెట్టిన బంగారం గుట్టు చెబుతున్నట్టు. నేను ఈ ఊరి బడిలో అయిదేళ్ళ పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. బ్రిన్లీ నా తరగతిలోకి వచ్చేసరికి అదే గదిలో ఇంకో ఇద్దరు బ్రిన్లీలు ముక్కులు చీదుకుంటూ కూర్చుని ఉన్నారు. టామ్రా నామీద విరుచుకుపడింది, నేనే ఎవరి చెవినో ఊది ఉంటానని. పిచ్చి మొహం. ప్రోవో పట్నంలో జుట్టు కత్తిరించుకునే చోట పక్క కుర్చీలోవాళ్ళు అనుకుంటుంటే విన్న పేరు అది. వినడమూ కనిపెట్టడమూ ఆవిడకి ఒకటే. ఆ తర్వాతది కిన్స్లీ, మూడోది హాడ్లీ. అవీ అదే బాపతు.

నా ఉద్యోగం ఆఖరి ఏళ్ళలో హాజరు పిలవాలంటే నోరు నొప్పి పుట్టేది. పేస్లీ, ప్రెస్లీ, ఓక్లీ, రైలీ, కైలీ, బెయిలీ. చివర లీ అనకపోతే పుట్టింది ఆడపిల్లేనని ఊళ్ళో ఎవరూ నమ్మరన్నట్టు. ఒకదాన్ని పిలిస్తే నలుగురు పలికేవారు, లేదంటే ఎవరికి వాళ్ళు పక్కదాన్ని పిలిచారనుకుని ఒక్కతీ పలికేది కాదు. తల్లులు మాత్రం ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాతో ఒకే మాట అనేవారు, మా అమ్మాయి పేరు ప్రత్యేకమండీ అని. ప్రత్యేకమట, నా మొహం. ఒకే తాను చింపి గౌన్లు కుట్టించుకుని, నా గౌనులాంటిది ఇంకెవరికీ లేదని మురిసిపోయే రకాలు. ఆ పిల్ల రేపు అరవై ఏళ్ళ వయసులో మోకాళ్ళ నొప్పులతో డాక్టరు దగ్గరికి పోతుంది కదా, నర్సు బయటికి వచ్చి ఈ పేరు పెట్టి పిలుస్తుంది కదా అని ఒక్క తల్లయినా ఆలోచించిన పాపాన పోలేదు.

టామ్రాకి ఇది సరదాతో ఆగలేదు, వ్యాపారం కూడా అయింది. గరాజులో రంపం పెట్టుకుని చెక్కలో పిల్లల పేర్లు కోసి, తెల్లరంగు వేసి, శనివారాలు సంతల్లో అమ్ముతుంది. ఉయ్యాలకి పైన గోడకి తగిలించుకునే పలకలు. పనిమంతురాలే, కాదనను. మొగుడు డెల్ గ్యాసు లారీ తోలుకుంటూ వారంలో ఎక్కువ రోజులు రోడ్డుమీదే ఉంటాడు, ఇల్లు ఈడ్చుకొచ్చింది చాలావరకు ఆ రంపమే. కానీ కోసి కోసి, ఊళ్ళో పుట్టే ప్రతి ఆడపిల్లకీ పేరు పెట్టే హక్కు దేవుడు తనకే రాసిచ్చాడన్న భ్రమలో పడింది. కడుపుతో ఉన్నది దారిలో కనబడితే చాలు, కారు పక్కకి ఆపి మరీ సలహాలు. నోట్లో నువ్వుగింజ నానదు.

ఆవిడ సంతలు తిరుగుతుంటే పిల్లలు మా అత్తగారి దగ్గర ఉండేవారు. మా అత్తగారి పేరు హిల్డా. డెన్మార్కు నుంచి వచ్చిపడిన ముత్తాతల వంశం, టర్కీ కోళ్ళ కార్ఖానాలో ఏళ్ళ తరబడి ఈకలు పీకిన చేతులు. పెద్దపిల్లలిద్దరూ అమ్మమ్మ ఇంట్లో కోళ్ళ కంపని మూతులు తిప్పుకునేవారు. హాడ్లీ మాత్రం అక్కడే పెరిగిందనుకోవాలి. హాడ్లీకి నత్తి. మాట మొదట్లోనే పట్టేసేది, తన పేరు చెప్పాల్సి వస్తే మరీను. ఇంట్లో అది నోరు తెరిస్తే టామ్రాకి ఆగే ఓపిక ఎక్కడిది, మాట తనే పూర్తిచేసి పారేసేది. పిల్ల నీళ్ళు కావాలనబోతే పాలు తెచ్చి పెట్టేది. మా అత్తగారు అలా కాదు. బంగాళాదుంపల చెక్కు తీసుకుంటూ కూర్చునేది, తలెత్తి చూసేది కాదు, తొందరపెట్టేది కాదు. మాట ఎప్పుడొస్తే అప్పుడు వినేది.

ఆ హాడ్లీకి పెళ్ళయి, నెల తప్పి, పుట్టబోయేది ఆడపిల్లని తెలిశాక ఓ మధ్యాహ్నం మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. "అత్తా, పాపకి అమ్మమ్మ పేరు పెట్టుకుంటాను" అంది. ఆ ఒక్క ముక్క బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. అది ఎన్నడూ దేనికీ పట్టుబట్టిన పిల్ల కాదు. పెళ్ళి గౌను అక్కది వేసుకుంది, ఉయ్యాల ఇంకో అక్కది తెచ్చుకుంది, కిక్కురుమనలేదు. ఈ పేరు ఒక్కటీ తనకి కావాలి. మా అత్తగారికి ఎనభై దాటాయి, చూపు మసక, చెవులు సగం. ఆమె ఉండగానే ఆ పేరు ఆమె చెవిన పడాలని దీని ఆరాటం. నాకు ముద్దొచ్చింది. మీ అమ్మతో చెప్పావా అంటే తల అడ్డంగా ఊపింది.

తల్లితో చెప్పినరోజు నేనూ టామ్రా గరాజులోనే ఉన్నాను. టామ్రా ముందు నవ్వింది, హాస్యమాడుతోందనుకుని. కాదని తెలిశాక రంపం ఆపి, కళ్ళద్దాలు తీసింది.

"హిల్డానా? పుట్టీ పుట్టగానే పిల్లకి కట్టుడు పళ్ళు పెట్టిస్తావేంటే? మా అమ్మ పేరు ఎవరైనా అడిగితే నేనే మాట మారుస్తాను. దానికి ఎవర్లీ అని అనుకున్నాను, ఎక్కడా లేదు. నోరు మూసుకుని నీ ఆరోగ్యం చూసుకో."

హాడ్లీ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది, మాట పట్టేసింది. టామ్రా వెంటనే, "సరే అంటోంది" అని నా వైపు తిరిగి చెప్పి మళ్ళీ రంపం ఆన్ చేసింది. కన్నతల్లి పేరు పలకడానికి సిగ్గుపడే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆవేళ నుంచి ఆవిడంటే నాకున్న కాస్త మర్యాదా పోయింది.

పక్కనే హాడ్లీ మొగుడు ట్రెవిన్ చెక్కపొట్టు ఊడుస్తూ నిలబడ్డాడు. ఐడహోలో బంగాళాదుంపలు పండించే ఇంటి కుర్రాడు, ఆరడుగుల మనిషి. టామ్రా గట్టిగా చూస్తే కుక్కిన పేనైపోతాడు. వీడిమీదే అంతా ఆధారపడి ఉంది, అదీ మా ఖర్మ. ఎందుకంటే మా దగ్గర పిల్లకి పేరు పెట్టేది తండ్రి నోరు. నెలలో మొదటి ఆదివారం అందరం ఉపవాసంతో చర్చికి వెళ్తాం. తండ్రీ, చుట్టాల్లో మగవాళ్ళూ ముందుకు వెళ్ళి పాప కింద తలో చెయ్యి పెట్టి గుండ్రంగా నిలబడతారు, బిషప్పు మైకు పట్టుకుంటాడు, తండ్రి పాపని దీవిస్తూ పేరు చెబుతాడు. ఆ నోట్లోంచి ఏది ఊడిపడితే అదే పేరు. తొమ్మిది నెలలు మోసి కన్నది మాత్రం బెంచీ మీద చేతులు కట్టుకుని వినాలి. ఆ రోజు ఏ పేరు చెబుతావని హాడ్లీ ఎన్నిసార్లు అడిగినా, "అప్పటికి చూద్దాంలే" అని నీళ్ళు నమిలేవాడట. అది నాతో చెప్పుకుని బాధపడితే నాకు ఒళ్ళు మండిపోయింది.

మా లోయలో ఇంకో పద్ధతి ఉంది. ఆ ఆదివారం దాకా పేరు గడప దాటనివ్వరు. ముందే బయటపెడితే ఎవరో ఒకరు తమ పిల్లకి పెట్టేసుకుంటారని భయం. అలా పోయిన పేరు కోసం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేసిన అక్కచెల్లెళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఈ కట్టుబాటు గురించి అందరికీ నీతులు చెప్పే టామ్రా, తన దగ్గరికొచ్చేసరికి దాన్ని తీసి గట్టున పెట్టింది. కాన్పుకి ముందు చేసే బేబీ షవర్ వేడుకకి ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిలిచి, కేకు కోసే ముందు గోడమీద దుప్పటి లాగింది. బారెడు పలక, దానిమీద ఎవర్లీ. ఉయ్యాల దుప్పటి మీదా అదే, రిబ్బన్లమీదా అదే. నలుగురిలో చెప్పేస్తే కూతురికి ఇక కాదనే వీలుండదని ఆవిడ లెక్క. ఆడవాళ్ళంతా ఆహా అన్నారు. హాడ్లీ కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పలకవైపు చూడకుండా కూర్చుంది. ఎదురింటి చార్లా ఒటెసెన్ మాత్రం పలక దగ్గరికి వెళ్ళి, ఆ పేరు రెండుసార్లు పైకి అనుకుని, పండ్లూ క్రీమూ కలిపిన సలాడు మళ్ళీ వడ్డించుకుంది. చార్లా కోడలికీ అప్పుడు నెలలు నిండుతున్నాయి.

హాడ్లీకి సుఖంగా కాన్పయింది. పాప బొద్దుగా, ఎర్రగా, మా అత్తగారి గెడ్డంతో పుట్టింది. ఆస్పత్రివాళ్ళు కాగితంలో పేరేం రాయమంటారని అడిగితే ట్రెవిన్ టామ్రా వైపూ పెళ్ళాం వైపూ చూసి, చర్చిలో చెప్పాక రాయిస్తామన్నాడు. దాంతో మొదటి ఆదివారం వచ్చేదాకా పిల్ల పేరు లేకుండానే ఉంది. టామ్రా వచ్చినప్పుడల్లా ఎవర్లీ ఎవర్లీ అని ముద్దులాడేది. హాడ్లీ పాపని ఏ పేరూ పెట్టి పిలవకుండా ఎత్తుకునేది.

ఆ ఆదివారం మా చర్చిలో ఇద్దరు పాపలకి దీవెన ఉంది. రెండోది మనది. మొదటిది ఒటెసెన్‌లది. మేమంతా రెండు బెంచీలు నిండా కూర్చున్నాం, మా అత్తగారి చక్రాల కుర్చీ వెనక తలుపు పక్కన పెట్టాం. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినలేదు, కడుపులు గుర్రుమంటున్నాయి. చార్లా కొడుకు పాపని తీసుకుని ముందుకు నడిచాడు, వాళ్ళ మగవాళ్ళు చుట్టూ చేరారు. అతను గొంతు సవరించుకుని, ఈ పాపకి మేము పెడుతున్న పేరు ఎవర్లీ అన్నాడు.

నా పక్కనున్న టామ్రా గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏం చప్పుడో నేను చెప్పలేను. చార్లా వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు, టోపీ రిబ్బను సర్దుకుంటూ తలవంచుకుని ప్రార్థిస్తోంది, ఎంత భక్తి. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో దాచడం ఎందుకు. దేవుడి సన్నిధిలో అలా సంతోషించకూడదని తెలుసు, అయినా సంతోషించాను. ఎప్పుడూ తానే కనిపెట్టాననుకునే మనిషికి, కనిపెట్టిన వస్తువు చేతిలోంచి జారిపోతే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది కదా అనుకున్నాను. ఇప్పుడైనా హాడ్లీ కోరిక తీరుతుందనుకున్నాను.

ఆ ఆడదాన్ని నేనింకా తక్కువ అంచనా వేశాను. మనవాళ్ళ వంతు రాగానే మావారు రాయిస్ లేచి ముందుకు వెళ్ళబోతుంటే, టామ్రా ఆయన కోటు పట్టుకుని లాగింది. "అన్నయ్యా, ఓక్లీ అని చెప్పమను వాడికి" అని చెవిలో అంది. మావారి గురించి చెప్పాలంటే, చెల్లెలు చెప్పింది కాబట్టి చేశారు. ఆయన అరవై నాలుగేళ్ళ జీవితం ఆ ఒక్క వాక్యంలో పట్టేస్తుంది. మగవాళ్ళంతా గుండ్రంగా చేరాక మావారు ట్రెవిన్ చెవిలో ఏదో ఊదారు. ట్రెవిన్ తల ఊపాడు. ఇదంతా హాడ్లీ చూసింది.

ట్రెవిన్ పరలోకపు తండ్రిని పిలిచాడు. అందరి చేతులూ పాపని కిందికీ పైకీ ఊపుతున్నాయి, పాప కెవ్వుమంటోంది. "ఈ పాపకి మేము పెడుతున్న పేరు" అన్నాడు, ఆగిపోయాడు. కళ్ళు మూసుకుని ఉండాల్సినవాడు కళ్ళు తెరిచి మా బెంచీవైపు చూశాడు. టామ్రా పెదాలతో ఓక్లీ, ఓక్లీ అంటోంది. హాడ్లీ లేచి నిలబడింది.

మా చర్చిలో దీవెన మధ్యలో ఆడది లేచి నిలబడటం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తలలు వంచుకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే ఎత్తారు. హాడ్లీ నోరు తెరిచింది. మాట పట్టేసింది. మొదటి అక్షరం దగ్గర ఊపిరే వస్తోంది, మాట బయటికి రాదు. బిషప్పు మైకు ఎటు తిప్పాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. టామ్రా దాని గౌను పట్టి లాగుతూ, ముందు బెంచీలవాళ్ళకి వినబడేలా, "ఓక్లీ అంటోంది" అంది.

హాడ్లీ తల్లి చెయ్యి విడిపించుకుంది. "కాదు" అంది. ఆ మాట పట్టేయలేదు. ఆ తర్వాతది మళ్ళీ పట్టేసింది. దాని మెడనరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కూర్చోలేదు. ఆఖరికి అది గట్టిగా, తెగించి అంది, "హిల్డా. ట్రెవిన్, దాని పేరు హిల్డా."

ట్రెవిన్ కళ్ళు మూసుకుని, ఈ పాప పేరు హిల్డా అని మైకులో చెప్పాడు. పెళ్ళాం పాట్లన్నీ పడ్డాక అప్పుడు దొరికింది అయ్యగారికి నోరు. ఆ తర్వాత మంచి ఆరోగ్యం, మంచి మనసు, మంచి మొగుడు అని మామూలు దీవెనలన్నీ చదివాడు. మంచి మొగుడు అన్నప్పుడు నేను గట్టిగానే ఆమెన్ అన్నాను. నాకు ఏడుపొచ్చి రుమాలు తడిసిపోయింది, హాడ్లీ కూర్చుంటే దాని చెయ్యి పట్టుకున్నాను, చెమటతో చల్లగా ఉంది.

భోజనాలు టామ్రా ఇంట్లో. అందరం ఆకలిమీద ఉన్నాం, పంది తొడ మాంసం, చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు బల్లమీద పెట్టీ పెట్టగానే ఖాళీ అవుతున్నాయి. టామ్రా మొహం చూడాలని నేను ముందే వెళ్ళాను. ఏం చూడాలి? ఆవిడ గరిటె పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తూ, మా అమ్మ పేరు నిలబెట్టాలని నాకెప్పటినుంచో కోరిక, పిల్లలకి నేనే చెప్పాను అంటోంది. గోడమీది పలక అప్పటికే మాయం. హాడ్లీ విని, పాపని ఎత్తుకుని అమ్మమ్మ కుర్చీ వైపు నడిచింది.

మా అత్తగారికి చర్చిలో జరిగిందేమీ తెలియదు. తలుపు దగ్గర కునికిపాట్లు పడింది, మైకు మాట ఆ చెవులకి అందలేదు. హాడ్లీ పాపని తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. "అమ్మమ్మా, దీనికి నీ పేరే పెట్టాం" అంది. ముసలామె ఏమిటీ అంది. హాడ్లీ ఇంకా దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పింది.

మా అత్తగారు పాపవైపు వంగింది. "నాకెప్పుడూ నచ్చలేదే ఆ పేరు" అంది. "మా నాన్న వాళ్ళమ్మ పేరు తెచ్చి నా నెత్తిన పెట్టాడు. బళ్ళో పిల్లలు ఏడిపిస్తుంటే ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని."

హాడ్లీ మొహం పాలిపోయింది. అంత కష్టపడిందంతా ఇందుకా అనుకున్నాను నేను. మా అత్తగారు ఆ మొద్దుబారిన వేళ్ళతో పాప నుదురూ ముక్కూ గెడ్డమూ నెమ్మదిగా తడిమి చూసింది. గెడ్డం దగ్గర ఆగింది.

"నామీద బాగుండేది కాదు" అంది. "దీనిమీద బాగుంది. ఏదీ, పిలువు."

హాడ్లీ పిలవబోయింది, మాట పట్టేసింది. ముసలామె పాప పాదం అరచేతిలో పెట్టుకుని, మాట వచ్చేదాకా కూర్చుంది.

టామ్రా ఇవేమీ వినలేదు. గరాజు తలుపు దగ్గర మా చిన్నకోడలి భుజంమీద చెయ్యేసి నిలబడి ఉంది. మా కోడలికి అయిదో నెల. ఇప్పుడంతా పాతపేర్ల కాలం, హిల్డా అని నేనే మొదలుపెట్టాను చూశావా, నీకు బెర్తా అయితే ఎలా ఉంటుంది, ఎక్కడా లేదు, ఎవరితోనూ అనకు అని చెబుతోంది. మా కోడలు పిచ్చిది, తల ఊపుతోంది. నేను పళ్ళెం అక్కడే పెట్టేసి గరాజు వైపు నడిచాను.